రాయి నాడి చెప్పే వేడి

పక్కపక్కనే రెండు చమురు బావులు. రెండిటి లోతూ ఒకటే. అడుగున ఉన్న వేడీ ఒకటే. కానీ ఒకదాని పైపు మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. రెండోది చల్లగా ఉంటుంది. తేడా ఎక్కడుంది? చమురులో కాదు, ఆ చమురు దాటి వచ్చిన రాతిలో! రాయి ఎంత దారి ఇస్తుందన్నదాన్ని బట్టి బావిలోంచి వచ్చే చమురు, గ్యాస్‌ల వేడి మారిపోతుంది. ఆ వేడిని చదవడం తెలిస్తే ఎవరూ కళ్లతో చూడలేని రాతి గుట్టు తెలిసినట్టే.

చమురు నిక్షేపం అనగానే చాలామందికి నేల కింద నల్లటి చెరువొకటి కళ్లముందు మెదులుతుంది. అందులోకి గొట్టం దించి, కొబ్బరిబోండంలో స్ట్రా వేసినట్టు లాగేయడమే కదా అనిపిస్తుంది. నిజానికి అక్కడ చెరువూ ఉండదు, గుహా ఉండదు. ఉండేది రాయి. ఇసుకరాయో, సున్నపురాయో. ఆ రాతి రేణువుల మధ్య కంటికి ఆనని సందుల్లో కోట్ల ఏళ్లుగా చమురు, గ్యాస్, ఉప్పునీరు ఇరుక్కుని ఉంటాయి. బావి తవ్వడమంటే ఆ రాతికి ఒక రంధ్రం పెట్టడమే. ఆ తర్వాత నడిచి రావాల్సింది చమురే. అది ఎంత తేలిగ్గా నడిచొస్తుందన్నది రాయి దయ!

రాతికి ఉండే రెండు గుణాలు ఇక్కడ ముఖ్యం. మొదటిది, అందులో ఖాళీ ఎంత ఉందన్నది. రెండోది, ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి ఎంత బాగా కలిసి ఉన్నాయన్నది. ఈ రెండూ ఒకటే అనుకుంటే పొరపాటు. థర్మకోల్ ముక్కలో ఉండేదంతా గాలే. అయినా దాన్లోంచి నీటిచుక్క దిగదు. ఏ గది తలుపులు ఆ గదికి మూసేసి ఉంటాయి మరి. గోదావరి ఇసుక మీద బిందెడు నీళ్లు పోస్తే క్షణాల్లో మాయమవుతాయి. అవే నీళ్లు బంకమట్టి మీద పోస్తే గంటలతరబడి నిలిచే ఉంటాయి. బంకమట్టిలోనూ ఖాళీలు తక్కువేం కాదు. కాకపోతే అవి మరీ సన్నం, దారులు ఇరుకు. ద్రవాన్నీ వాయువునీ తనలోంచి పోనిచ్చే ఈ గుణాన్నే భూగర్భ శాస్త్రవేత్తలు పారగమ్యత అంటారు.

దీన్ని మొదట లెక్కకట్టింది చమురు ఇంజినీరు కాదు, ఊరికి మంచినీళ్లిచ్చిన ఇంజినీరు. ఫ్రాన్స్‌లోని డిజాన్ నగరానికి నీటి సరఫరా ఏర్పాటు చేసిన హెన్రీ డార్సీ, ఇసుక నింపిన గొట్టాల్లోంచి నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో కొలిచి 1856లో ప్రచురించాడు. ఆయన పేరు మీదే పారగమ్యతను డార్సీల్లో కొలుస్తారు. అందులో వెయ్యో వంతు మిల్లీడార్సీ. మంచి చమురు రాతికి వందల మిల్లీడార్సీలు ఉంటాయి. 0.1 మిల్లీడార్సీ కన్నా తక్కువ ఉంటే ‘బిగుతు రాయి’ అంటారు. షేల్ రాళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు... మిల్లీడార్సీలో వెయ్యో వంతు, ఇంకా తక్కువ కూడా ఉంటుంది.

గీజరు పైపు లెక్క!

నేలలోకి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది. చాలాచోట్ల కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దాకా. పైన 30 డిగ్రీలుంటే మూడు కిలోమీటర్ల లోతులో రాయి 120 డిగ్రీల దాకా కాగుతూ ఉంటుందన్నమాట. అందులోని చమురుదీ అదే వేడి. మరి ఆ చమురు బావిలోంచి పైకొచ్చేసరికి ఎంత వేడిగా ఉంటుంది?

దీనికి జవాబు మన స్నానాలగదిలోనే ఉంది. చలికాలం పొద్దున్నే గీజరు కుళాయి తిప్పితే మొదట వచ్చేవి చన్నీళ్లే. కాసేపటికి గోరువెచ్చగా, తర్వాత వేడిగా వస్తాయి. గీజరు డాబా మీద ఉండి, పైపు పొడవైనదైతే ఇంకాస్త ఆలస్యం. అదే కుళాయిని సన్నటి ధారగా వదిలితే? ఎంతసేపు నిలబడ్డా నీళ్లు వేడెక్కవు. నెమ్మదిగా వచ్చే నీటి వేడినంతా దారిలో పైపూ గోడా తాగేస్తాయి మరి.

చమురు బావిలోనూ జరిగేది ఇదే. పైకొచ్చే దారి పొడవునా బావి చుట్టూ ఉన్న రాయి అంతకంతకూ చల్లగా ఉంటుంది. చమురు తన వేడిని ఆ రాతికి పంచుకుంటూ వస్తుంది. ధార జోరుగా ఉంటే పంచడానికి సమయం చాలదు, వేడివేడిగా పైకొచ్చేస్తుంది. ధార సన్నంగా ఉంటే దారిలోనే చల్లారిపోతుంది. బావి తెరిచిన మొదటి గంటల్లో చల్లగా వచ్చిన చమురు, చుట్టూ ఉన్న రాయి వెచ్చబడేకొద్దీ రోజులు గడిచాక వేడిగా రావడమూ ఇందుకే. ఈ లెక్కను అమెరికా ఇంజినీరు హెన్రీ రామే 1962లో ఒక సూత్రంగా రాసిపెట్టాడు. చమురు ఇంజినీర్లు ఇప్పటికీ అక్కణ్నుంచే మొదలుపెడతారు.

మరి ధార జోరును తేల్చేది ఎవరు? రాయే! మొదట్లో చెప్పుకున్న ఆ రెండు బావులనే తీసుకుందాం. రెండూ మూడేసి కిలోమీటర్ల లోతు. ఒకదాని అడుగున 500 మిల్లీడార్సీల రాయి, రెండోదాని అడుగున 5 మిల్లీడార్సీల రాయి. మిగతావన్నీ సమానమైతే, అడుగున ఒకే ఒత్తిడి తేడాతో నడిపినప్పుడు మొదటిది రోజుకు 5,000 పీపాలిస్తే రెండోది 50 పీపాలే ఇవ్వగలదు. రామే పద్ధతిలో స్థూలంగా లెక్కేస్తే, కొన్ని నెలలు పారాక మొదటి బావి చమురు 90 డిగ్రీల అటూఇటూ వేడితో పైకొస్తుంది. రెండో బావి చమురు 31 డిగ్రీల దగ్గర, అంటే దాదాపు పైన ఉన్న వాతావరణమంత చల్లగా వస్తుంది. కింద ఇద్దరిదీ 120 డిగ్రీలే!

ఒత్తిడి తగ్గితే... ఒకటి వేడి, ఒకటి చల్లన

కథ అక్కడితో అయిపోలేదు. బావిలోకి చేరకముందే, రాతి సందుల్లో నడిచేటప్పుడే ఇంకో తమాషా జరుగుతుంది. రెండో బావి యజమానికి 50 పీపాలు చాలవు. ఇంకా కావాలి. అందుకని కవాటం ఇంకాస్త తెరిచి, బావి అడుగున ఒత్తిడి తగ్గిస్తాడు. రాతిలోని ఒత్తిడికీ బావిలోని ఒత్తిడికీ తేడా పెరిగేకొద్దీ చమురు ఎక్కువగా వస్తుంది. రాయి ఎంత బిగుతుగా ఉంటే, అంతే చమురు తెప్పించడానికి అంత ఎక్కువ తేడా కావాలి. అలా ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంటే ద్రవాల, వాయువుల వేడి మారుతుంది.

ఈ సంగతిని 1850ల్లోనే జేమ్స్ జూల్, విలియం థామ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. థామ్సనే ఆ తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు. వాళ్ల ప్రయోగం చాలా సులువైనది. ఒక గొట్టంలో దూదిలాంటిదాన్ని బిరడాలా కూరి, దాన్లోంచి గాలిని ఒత్తిడితో పంపారు. అవతలికి వచ్చిన గాలి కొద్దిగా చల్లబడింది. సందులున్న ఆ బిరడా ఇసుకరాయికి బుల్లి నమూనా అన్నమాట! వాళ్లు గొట్టంలో చేసిన ప్రయోగమే గ్యాస్ బావుల అడుగున రాత్రీపగలూ జరుగుతూనే ఉంటుంది.

అయితే అన్నీ ఒకేలా స్పందించవు. వాతావరణ పీడనానికి వంద రెట్ల ఒత్తిడి పడిపోయిందనుకుందాం. రాతి సందుల్లో రాసుకుంటూ వచ్చే చమురు 3 నుంచి 5 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. నీళ్లయితే సుమారు 2 డిగ్రీలు. సహజవాయువు దీనికి పూర్తిగా రివర్సు. మామూలు లోతుల్లో అది పది డిగ్రీలకు పైగానే చల్లబడొచ్చు. సోడా మూత తీయగానే నురగ పొంగినట్టు, చమురులో కరిగి ఉన్న గ్యాస్ ఒత్తిడి తగ్గి బయటపడితే ఆ చమురూ చల్లబడే దారి పడుతుంది.

కాబట్టి ఒకే మొత్తం తీయాలనుకుంటే, మెతక రాతి బావిలో ఒత్తిడి పెద్దగా పడదు, అడుగున వేడి పెద్దగా మారదు. బిగుతు రాతి బావిలో రెండూ మారతాయి. బావి తవ్వేటప్పుడు వాడే బురద రాతి సందుల్లో పూడుకుపోయినా ఇదే ఫలితం. పూడిక బావిని ఆనుకునే ఉంటుంది కాబట్టి ఒత్తిడంతా ఆ కాస్త మేరలోనే పడిపోతుంది, వేడిలో మార్పూ త్వరగా బయటపడుతుంది.

గ్యాస్ కూడా వేడెక్కే చోటు

గ్యాస్ చల్లబడుతుందన్న సూత్రానికీ ఒక హద్దుంది. ఒత్తిడి వాతావరణ పీడనానికి సుమారు 500 రెట్లు దాటిన చోట గ్యాస్ అణువులు ఒకదానిమీద ఒకటి ఎక్కినంత దగ్గరగా ఉంటాయి. అక్కడ ఒత్తిడి తగ్గితే గ్యాస్ చల్లబడకపోగా వేడెక్కుతుంది! 150 డిగ్రీల వేడి, వాతావరణ పీడనానికి దాదాపు 690 రెట్ల ఒత్తిడి దాటిన వాటిని చమురు పరిశ్రమలో ‘అధిక ఒత్తిడి-అధిక ఉష్ణోగ్రత’ బావులంటారు. ఇలాంటి బావిని జోరుగా నడిపితే, అడుగున చేరే గ్యాస్ తాను పుట్టిన రాతికన్నా వేడిగా ఉండొచ్చు. పైపులు, సీళ్లు, సిమెంటు, ఎలక్ట్రానిక్ పరికరాలు... అన్నిటినీ రాతి వేడికి సరిపోయేలా చేస్తే చాలదు. అదనంగా వచ్చే ఆ నాలుగు డిగ్రీలనూ లెక్కలో వేసుకోవాలి.

ఈ మాట మనకెందుకంటారా? అలాంటి బావులు మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనే ఉన్నాయి మరి. 2023 జూన్‌లో కాకినాడ తీరానికి దూరంగా సముద్రంలో గ్యాస్ తీయడం మొదలుపెట్టిన డీ6 బ్లాకులోని ‘ఎంజే’ క్షేత్రం ఈ కోవలోదే.

ఒకచోట మైనం, ఒకచోట మంచు

బావిలోంచి వచ్చేది కాస్త వేడిగా వస్తేనేం, చల్లగా వస్తేనేం అనుకోవడానికి లేదు. చమురులో మైనం ఉంటుంది. వేడి తగ్గితే అది చలికాలంలో కొబ్బరినూనెలా గడ్డకడుతుంది. రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో 2004లో బయటపడిన మంగళ క్షేత్రమే దీనికి ఉదాహరణ. అక్కడి రాయి బంగారం! మిల్లీడార్సీలు కాదు, ఏకంగా డార్సీల్లో ఉంటుంది పారగమ్యత. కానీ నిక్షేపం లోతు తక్కువ కావడంతో రాతి వేడి 65 డిగ్రీల దగ్గరే. చమురేమో 40-45 డిగ్రీలకు దిగితే కదలనని మొరాయించే రకం. మెతక రాయి జోరుగా చమురునిచ్చినా, దారిలో పోగొట్టుకోవడానికి మిగిలిన వేడి అంతంతమాత్రం. అందుకే రాతిలోకి వేడినీళ్లు పంపి చమురును తోయాల్సి వచ్చింది. 2009లో ఉత్పత్తి మొదలయ్యాక ఆ చమురును గుజరాత్ తీరానికి చేర్చడానికి దాదాపు 670 కిలోమీటర్ల పైపులైనును పొడవునా వేడిచేస్తూ ఉంచాల్సి వచ్చింది.

గ్యాస్ బావులకు ఇంకో బెడద... మంచు. గ్యాస్, నీళ్లు కలిసి ఎక్కువ ఒత్తిడిలో చల్లబడితే హైడ్రేట్లనే మంచులాంటి గడ్డలు కడతాయి. వీటికి సున్నా డిగ్రీలు అక్కర్లేదు. ఒత్తిడి ఉంటే గది వేడికి కాస్త దిగువనే గడ్డకట్టి పైపును బిరడాలా మూసేయగలవు. బంగాళాఖాతంలో వెయ్యి, రెండువేల మీటర్ల లోతున సముద్రపు అడుగు ఏడాది పొడవునా నాలుగైదు డిగ్రీల చలిలో ఉంటుంది. 2006లో జరిపిన అన్వేషణలో కేజీ బేసిన్ సముద్రపు అడుగున సహజంగానే కట్టిన హైడ్రేట్ల మందపాటి పొరలు బయటపడ్డాయి. ప్రకృతే కట్టిన చోట పైపులో కట్టడం ఎంతసేపు? అందుకే లోతు సముద్రపు బావుల్లో గ్యాస్‌తోపాటు గ్లైకాల్ లాంటి ద్రవాన్ని పంపిస్తారు.

2024 జనవరిలో కాకినాడ తీరానికి ఎదురుగా 98/2 బ్లాకులో ఓఎన్‌జీసీ మొదలుపెట్టిన చమురు ఉత్పత్తికీ మైనం అడ్డొచ్చింది. చల్లటి సముద్రపు అడుగున చమురు వేడి పోకుండా పైపులో పైపు పెట్టాల్సి వచ్చింది. అచ్చం ఫ్లాస్కులా! ఇలాంటి ఫ్లాస్కు ఎంత మందం ఉండాలో తేల్చాలన్నా ముందు తెలియాల్సింది ఒక్కటే... ఆ రాయి ఎంత జోరుగా, ఎంత వేడితో పంపుతుందన్నది.

మూడు కిలోమీటర్ల థర్మామీటర్

రాయి వేడిని మారుస్తుందని తెలిశాక, ఆ వేడిని కొలిచి రాతి సంగతి తేల్చవచ్చు కదా? సరిగ్గా అదే చేస్తున్నారు. డాక్టరుకు కడుపులో ఏముందో కనిపించదు. నాడి, జ్వరం చూసి చెబుతాడు. చమురు ఇంజినీరూ అంతే. కాకపోతే అతని థర్మామీటర్ కిలోమీటర్ల పొడవుంటుంది.

అదొక ఆప్టికల్ ఫైబర్. వెంట్రుకంత సన్నటి గాజుదారాన్ని బావి పొడవునా దించి, పైనుంచి లేజర్ కాంతిని క్షణకాలం పంపుతారు. ఆ కాంతిలో కొంత ప్రతి చోటి నుంచీ వెనక్కి చెదురుతుంది. అలా వచ్చిన కాంతి తీరును బట్టి అక్కడ వేడెంతో, తిరిగొచ్చిన సమయాన్ని బట్టి అది ఎంత లోతు నుంచి వచ్చిందో తెలుస్తుంది. 1980ల్లో పుట్టిన ఈ పద్ధతిలో ఇప్పుడు మీటరు మీటరుకూ, డిగ్రీలో పదో వంతు తేడాను కూడా పట్టేస్తున్నారు.

గ్యాస్ బావిలో ఒకచోట హఠాత్తుగా చల్లటి మచ్చ కనిపించిందా? అక్కడి పొరలోంచి గ్యాస్ దూరుతోందని అర్థం. చమురు బావి అడుగున ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వేడి ఉందా? ఇంకా లోతు నుంచి నీళ్లు ఎగదన్నుతుండొచ్చు. పది పొరలున్న బావిలో వేడి మారని చోట ఆ పొర ఏమీ ఇవ్వట్లేదన్నమాట. కోట్లు పోసి రాతిని పగలగొట్టాక ఏ పగులు పనిచేస్తోందో, ఏది దండగో చెప్పేదీ ఈ దారమే. అయితే ఒక చిక్కుంది. సన్నటి ధార వల్ల చల్లబడిందా, గ్యాస్ విప్పారి చల్లబడిందా అన్నది వేడి ఒక్కదాన్నే చూసి చెప్పలేరు. ఒత్తిడి, ధార లెక్కలు కూడా పక్కన పెట్టుకుని విడదీయాల్సిందే. జ్వరం చూసి రోగం చెప్పడానికి రక్తపరీక్ష కూడా కావాలన్నట్టు.

కాకినాడ తీరంలో పాఠం

రాతిని బట్టే అంతా అనడానికి మన తీరంలోనే ఖరీదైన పాఠం ఒకటుంది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ 2005లో కాకినాడ తీరానికి దగ్గర్లోని సముద్రంలో భారీ గ్యాస్ నిక్షేపం దొరికిందని ప్రకటించింది. అప్పట్లో చెప్పిన అంచనా 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు. దేశమంతా పండగ చేసుకుంది. దీనదయాళ్ క్షేత్రమని పేరు పెట్టారు. కానీ నిక్షేపం ఉన్నది ఎక్కడో లోతున, మండే వేడిలో, విపరీతమైన ఒత్తిడిలో. అన్నిటికీ మించి, బిగుతు రాతిలో. గ్యాస్ ఉంది. రాయి దారివ్వలేదు. రాతిని పగలగొట్టి దారి చేయాలంటే, ఆ వేడికీ ఒత్తిడికీ తట్టుకునే సరంజామా కావాలి. ఖర్చు తడిసి మోపెడైంది. తీయగలిగే గ్యాస్ అంచనా తొలి లెక్కలో చిన్న భాగానికి దిగిపోయింది. ప్రయోగాత్మక ఉత్పత్తి 2014కు గానీ మొదలవలేదు. కాగ్ తప్పుపట్టింది. చివరికి 2017లో జీఎస్‌పీసీకి ఉన్న 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ కొనుక్కుంది. మరికొన్ని నిక్షేపాలతో కలిపి అందుకైన మొత్తం దాదాపు 120 కోట్ల డాలర్లు.

అదంతా ప్రజల డబ్బే. ఒక సంస్థది పోయి ఇంకో సంస్థది వచ్చినా, రెండూ ప్రభుత్వానివే మరి. ఎరువుల కర్మాగారానికీ, విద్యుత్ కేంద్రానికీ, వంటింటి స్టవ్‌కీ గ్యాస్ వస్తుందని లెక్కలు వేసుకునేది ఇలాంటి ప్రకటనలు చూసే. కాబట్టి ఇకముందు ఎక్కడైనా పెద్ద నిక్షేపం దొరికిందన్న వార్త చదివితే, ఎంత ఉందన్న అంకెతో సరిపెట్టుకోకండి. రాయి పారగమ్యత ఎంత, పరీక్షలో రోజుకు ఎంత వచ్చింది, ఎంత వేడితో, ఎంత ఒత్తిడితో వచ్చింది... ఇవీ చూడాలి. గ్యాస్ ఉందని చెప్పేది అంచనా. వస్తుందో రాదో చెప్పాల్సింది మాత్రం రాయే!